ఎండను గడప బయటే ఆపిన ఇళ్ళు



వేసవి వచ్చిందంటే ఇంట్లో మనకు ఒక పని పెరుగుతుంది. పొద్దున్నే తూర్పు కిటికీలు మూయాలి. మధ్యాహ్నం పడమటి వసారాలో వట్టివేళ్ళ తడికలు దించి నీళ్ళు చల్లాలి. సందెవేళ మళ్ళీ అన్నీ తెరవాలి. ఈ పనంతా తనంతట తానే చేసుకునే ఇళ్ళు ఇప్పుడు వచ్చాయి. ఫ్యాక్టరీలో భాగాలుగా తయారుచేసి, తెచ్చి బిగిస్తారు. ఎండ తగలగానే కిటికీ బయటి పలకలు వాటంతట అవే వాలిపోతాయి. గది వేడెక్కదు గనుక కరెంటు ఖర్చు కలిసివస్తుంది. వినడానికి కొత్తగా ఉన్నా, దీని వెనక డెబ్బై ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది. అందులో మన ఇల్లాళ్ళు ఆలోచించవలసిన సంగతి ఒకటుంది.

ఫ్రాన్సులోని నాన్సీ పట్టణంలో ఝాన్ ప్రూవే అనే ఆయన ఉండేవాడు. కమ్మరిపని నేర్చుకుని, క్రమంగా లోహపు రేకులతో కుర్చీలు, తలుపులు, చివరకు ఇళ్ళే తయారుచేసే కార్ఖానా నడిపాడు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, ఆఫ్రికాలో తాము పాలిస్తున్న దేశాల్లో ఇళ్ళు చాలక ఫ్రెంచివారు ఇబ్బందిపడ్డారు. అప్పుడు ప్రూవే ఉక్కు, అల్యూమినియంతో ఒక ఇంటిని రూపొందించాడు. ఏ భాగమైనా పొడవు సుమారు 4 మీటర్లకు, బరువు 100 కిలోలకు మించకుండా చూశాడు. ఇద్దరు మనుషులు మోసుకుపోవచ్చన్నమాట! 1949లో అలాంటి ఇల్లొకటి విడిభాగాలుగా విమానమెక్కి నైజరులోని నియామే పట్టణం చేరింది. 1951లో మరి రెండు కాంగోలోని బ్రజవిల్‌లో లేచాయి.

ఎండకు ఆయన చేసిన ఏర్పాటు చూడండి. పైకప్పు రెండు పొరలు. మధ్యలో గాలి ఆడుతుంది, వేడిగాలి నడికప్పు సందులోంచి పైకి పోతుంది. ఇంటి చుట్టూ వసారా. వసారా అంచున, అవసరాన్నిబట్టి వాల్చుకునే అల్యూమినియం పలకలు. వెలుతురు వస్తుంది, ఎండ మాత్రం గోడను తాకదు. లోపలి గోడల్లో పక్కకు జరిపే తలుపులు, వాటికి నీలిరంగు అద్దాలు బిగించిన గుండ్రని కంతలు.

ఇందులో కిటుకు ఏమిటంటే, ఎండ ఒకసారి అద్దం దాటి లోపలికొచ్చి నేలను కాల్చిందంటే, లోపలి తెర ఆ వేడిని బయటికి పంపలేదు. ఆపేదేదో బయటే ఆపాలి. మన తడిక చేసేదీ అదే. ఇప్పటి స్వయంచాలక పలకలు కూడా అదే చేస్తాయి. కాకపోతే చేయి చేసే పని మోటారు చేస్తుంది, ఎండను కనిపెట్టే పని చిన్న పరికరం చేస్తుంది.

ఇంత చక్కటి ఇల్లు ఎందుకు వ్యాపించలేదు? మొత్తం మూడే కట్టారు. అక్కడి మామూలు కట్టడం కన్నా ఇది చవక కాలేదు. అక్కడుండే ఫ్రెంచి అధికారులకు రేకుల ఇంటి వాలకం నచ్చలేదు. ఇక ఆ నేల మీద పుట్టిపెరిగినవాళ్ళ కోసం తలపెట్టిన ఇళ్ళు కావాయె. 2000 సంవత్సరం ప్రాంతంలో ఆ మూడింటినీ విప్పి ఫ్రాన్సు తీసుకుపోయారు. 2007లో న్యూయార్కులో వాటిలో ఒకటి వేలంలో దాదాపు 50 లక్షల డాలర్లు పలికింది. అదే ఏడు వెనిస్ కళాప్రదర్శనలో ఏంజెలా ఫెరీరా అనే కళాకారిణి, ఆ ఇళ్ళు పోయాక ఆఫ్రికాలో మిగిలిన ఖాళీ స్థలాల ఫొటోలు చూపించింది. సులువుగా బిగించడానికి చేసిన ఇల్లు, అంత సులువుగానూ విప్పుకుపోయారు.

దీని పక్కన మన దేశపు కట్టడం ఒకటి పెట్టి చూద్దాం. పాండిచ్చేరి అరవిందాశ్రమంలో సాధకులు నివసించే భవనం పేరు గోల్కొండ. హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ ద్వారా అందిన లక్ష రూపాయల నిజాం విరాళంతో మొదలైంది గనుక మన గోల్కొండ పేరే పెట్టారు. ఆంటొనిన్ రేమండ్ నమూనా గీశాడు. 1937లో పని మొదలై 1940 దశకంలో పూర్తయింది. దానికీ రెండు పొరల పైకప్పే. ఉత్తర దక్షిణ ముఖాల నిండా అడ్డపలకలు, వాటిని చేత్తోనే తిప్పుతారు. కట్టడంలో ఆశ్రమవాసులు కూడా చేయి వేశారు. ఇవాళ్టికీ అందులో మనుషులున్నారు, పలకలు తిరుగుతున్నాయి.

రెండుచోట్లా ఎండ ఎండే, ఉపాయమూ ఒకటే. తేడా ఎక్కడుందంటే, గోల్కొండను తమది అనుకుని దుమ్ము తుడిచి, కనిపెట్టుకుని ఉండేవాళ్ళు ఉన్నారు. ఆఫ్రికాలోని ఆ ఇళ్ళను ఎక్కడో గీసి పంపించారు.

అందుచేత రేపు మీ ఇంట్లో మోటారు పలకలు పెట్టిద్దామనుకుంటే తప్పకుండా పెట్టించండి, వద్దనను. అయితే ముందు నాలుగు మాటలు అడగండి. పలకలు కిటికీకి బయట ఉంటాయా? కరెంటు పోతే చేత్తో దించవచ్చా? దుమ్ము పడితే మన చేతికి అందుతాయా? చెడిపోతే ఊళ్ళోనే బాగుచేసేవాళ్ళున్నారా? ఇల్లు ఎవరు గీసినా, వేసవి మధ్యాహ్నం అందులో ఉండేది మనమే కదా. ఆ మాట అడిగే హక్కూ మనదే.