హైదరాబాదు సిద్దీలు: వేడుకలు, చదువు, యువత

సిద్దీలు తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చి భారతదేశంలో స్థిరపడినవారి సంతతి. దక్కన్‌ చరిత్ర గ్రంథాల్లో వీరిని హబ్షీలని కూడా రాశారు. తెలుగు రాష్ట్రాల్లో వీరు ఒకచోట చేరి బతుకుతున్నది ప్రధానంగా హైదరాబాదులోని ఏసీ గార్డ్స్‌లో. లక్డీకాపూల్‌కూ మాసబ్‌ట్యాంకుకూ నడుమ ఉన్న ఈ బస్తీకి నిజాం సైన్యంలోని ఆఫ్రికన్‌ కావల్రీ గార్డ్స్‌ పేరే స్థిరపడిపోయింది. ఇక్కడి సిద్దీలు ముస్లింలు. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. వీరి సంస్కృతిలో బయటివారికి ఎక్కువగా తెలిసినది మర్ఫా వాద్యం. దాని దరువు నగరం దాటి తెలంగాణ పల్లెలదాకా పాకింది. వరంగల్‌లో వినాయక నిమజ్జనానికో పెళ్ళి బరాత్‌కో తీన్మార్‌ దరువు మోగగానే చిందులేసే కుర్రాళ్ళలో ఆ దరువుకు ఆఫ్రికాతో చుట్టరికం ఉందని ఎరిగినవారు తక్కువ.

దక్కన్‌కు రాక

ఎర్రసముద్రం మీదుగా, హిందూ మహాసముద్రం మీదుగా అరబ్బు వర్తకులు సాగించిన బానిస వ్యాపారం వీరి పూర్వీకుల్లో చాలామందిని ఈ గడ్డకు చేర్చింది. నావికులుగా, జీతానికి పోరాడే సైనికులుగా తమంతట తాము వచ్చినవారూ ఉన్నారు. అట్లాంటిక్‌ దాటించి అమెరికా తోటల్లో చాకిరీకి తోలిన బానిసల గతితో పోలిస్తే దక్కన్‌ హబ్షీల గతి వేరుగా నడిచింది. సుల్తానులు వీరిని కొన్నది ఎక్కువగా సైన్యం కోసం, కోట కాపలా కోసం, అంతఃపురం కోసం. అందువల్ల బానిసగా కొనుగోలైన మనిషి బతికి బట్టకడితే సేనాని కావచ్చు, ఒక్కోసారి రాజ్యాన్నే నడిపించవచ్చు.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ మాలిక్‌ అంబర్‌. 1548 ప్రాంతంలో ఇథియోపియాలో పుట్టి, చేతులు మారుతూ దక్కన్‌కు అమ్ముడుపోయి వచ్చిన ఇతడు అహ్మద్‌నగర్‌ రాజ్యానికి ప్రధానమంత్రి అయ్యాడు. అక్బరు, జహంగీరుల సేనలను ఏళ్ళ తరబడి నిలువరించాడు. 1610లో అతడు కట్టించిన ఖిర్కీ పట్టణమే తర్వాత ఔరంగాబాద్‌ అయింది. 1626లో చనిపోయేదాకా అధికారం అతని చేతిలోనే ఉంది.

మాలిక్‌ అంబర్‌ మరాఠా దేశంలో ఏలినవాడు కాబట్టి తెలుగు పాఠకుడికి దూరంగా అనిపించవచ్చు. కానీ తెలుగునేల మీదా హబ్షీ సర్దారులు ఏలారు. 1660లో పన్హాళా కోటలో శివాజీని ముట్టడించిన బీజాపూరు సేనాని సిద్దీ జౌహర్‌ కర్నూలు సీమకు అధిపతి. 17వ శతాబ్దపు రెండో సగంలో ఆదోని దుర్గం సిద్దీ మసూద్‌ ఖాన్‌ చేతిలో ఉండేది. ఆదోని జామా మసీదు అతడు కట్టించినదే. ఔరంగజేబు సైన్యాలు వచ్చి 1688లో ఆదోనిని లొంగదీసుకున్నాయి. హైదరాబాదులో సిద్దిఅంబర్‌ బజార్‌ పేరు నేటికీ నిలిచి ఉంది. హబ్సిగూడ పేరు కూడా హబ్షీల నుంచే వచ్చిందని జనం చెప్పుకుంటారు.

ఆఫ్రికన్‌ కావల్రీ గార్డ్స్‌

ఏసీ గార్డ్స్‌ వాసుల చరిత్ర ఈ సర్దారుల కాలం నాటిది కాదు, అసఫ్‌జాహీ నిజాముల కాలం నాటిది. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు తన దగ్గరున్న ఆఫ్రికన్‌ ఆశ్వికులను నిజాంకు అప్పగించాడని, ఈ దళానికి అదే మొదలని ప్రచారంలో ఉన్న కథనం. నిజాం కొలువులో వీరు అంగరక్షకులు. సవారీ బయల్దేరినప్పుడు బండి వెంట గుర్రాల మీద సాగేవారు. పోరాటం కంటే దర్పం చూపడం, దర్బారు మర్యాద నిలపడం వీరి పనిలో పెద్ద భాగం. దళానికి కేటాయించిన చోటే కాపురాలు, పిల్లలు, మసీదు, పెళ్ళిళ్ళు అన్నీ సాగాయి. తండ్రి తర్వాత కొడుకు కొలువులో చేరేవాడు. చదువు మీద ఆధారపడవలసిన అవసరం ఆ రోజుల్లో వారికి కలగలేదు. తర్వాతి కష్టాలకు మూలం అక్కడే ఉంది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. నిజాం సైన్యాన్ని రద్దు చేశారు. నగరంలో సైనిక కొలువు మీద బతికిన అరబ్బులకు, రోహిల్లాలకు తగిలిన దెబ్బే సిద్దీలకూ తగిలింది. అయితే అరబ్బుల్లో కొందరికి ఆస్తులు, వ్యాపారాలు ఉండేవి. సిద్దీలకు బస్తీలో ఇల్లు తప్ప మరేమీ మిగల్లేదు. గుర్రం దిగినవారు రిక్షాలు, మెకానిక్‌ పనులు, డ్రైవరు ఉద్యోగాలు, చిన్నాచితకా నౌకరీలు చూసుకున్నారు. తర్వాతి దశాబ్దాల్లో కొందరు గల్ఫ్‌ దారి పట్టారు. అబాబు మిండా యిమెనె అనే పరిశోధకుడు ఈ బస్తీని అధ్యయనం చేసి 2004లో ఆంగ్లంలో ఒక పుస్తకం వెలువరించాడు. హైదరాబాదు సిద్దీల మీద వచ్చిన వివరమైన రచనల్లో అది ముఖ్యమైనది.

మర్ఫా

కొలువు పోయినా వాద్యం మిగిలింది. మర్ఫా యెమెన్‌లోని హద్రమౌత్‌ ప్రాంతపు అరబ్బుల సంగీతానికీ తూర్పు ఆఫ్రికా లయకూ పుట్టిన బిడ్డ. నిజాం సైన్యంలో పనిచేసిన హద్రమీ అరబ్బులు, సిద్దీలు కలిసి దీన్ని హైదరాబాదుకు తెచ్చారు. అరబ్బుల సంతతి ఎక్కువగా నగరంలోని బార్కస్‌లో స్థిరపడింది. వారినీ సిద్దీలనూ ఒకే గాటన కట్టడం నగరంలో పరిపాటి, కానీ రెండూ వేర్వేరు సమాజాలు.

మర్ఫా అన్నది గిన్నె ఆకారపు నగారా వంటి ఒక వాద్యం పేరు, మొత్తం మేళానికీ అదే పేరు. తోడుగా తోలు బిగించిన దఫ్‌లు, డోలకులు, లోహపు బిందె, తాపీ అనే చెక్క పలకలు ఉంటాయి. రాగం, పాట ఇందులో నామమాత్రం, లయదే పెత్తనం. వాయించేవారు అర్ధవలయంగా నిలబడతారు. మొదట ఒకడు నెమ్మదిగా దరువు ఎత్తుకుంటాడు, మిగతావారు అందుకుంటారు. వేగం మెట్టుమెట్టుగా పెరుగుతుంది. నడుమ ఒకడు కేక వేస్తే మిగిలినవారు బదులు కేక వేస్తారు. మగవాళ్ళు జంటలుగా బరిలోకి దిగి కర్రలు, కత్తులు తిప్పుతూ ఆడతారు. సైనికుల వినోదంగా మొదలైన ఆట కాబట్టి ఆ బింకం ఇంకా పోలేదు.

సిద్దీలకు మర్ఫా ఇంటి వేడుక మాత్రమే కాదు, కూడు పెట్టే వృత్తి కూడా. హైదరాబాదు ముస్లిం పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకు వచ్చేవేళ మర్ఫా మోగకపోతే లోటుగా భావించేవారు. ఆ పిలుపు క్రమంగా హిందువుల బరాత్‌లకు, వినాయక ఊరేగింపులకు, బోనాలకు, ఎన్నికల ర్యాలీలకు పాకింది. తీన్మార్‌ అని జనం పిలిచే దరువు మర్ఫా నుంచి వచ్చిందన్న అభిప్రాయం బలంగా ఉంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తెలంగాణ పల్లెల్లో మర్ఫా రాకముందు నుంచీ డప్పు ఉంది, డప్పు కొట్టే కులాలకు తమవైన దరువులు ఉన్నాయి. ఊరేగింపులో రెండు మేళాలూ ఒకదాన్నొకటి విన్నాయి, ఒకదానినుంచి మరొకటి తీసుకున్నాయి. ఎవరిది ఎంత అని గీత గీయడం కష్టం. నేడు వరంగల్‌ వీధుల్లో తీన్మార్‌ను డప్పు మీద, డ్రమ్ముల మీద, డీజే పెట్టెల్లో కూడా వింటాం. ఆ పేరు సినిమాకెక్కింది, టీవీ వార్తల కార్యక్రమానికీ ఎక్కింది. ఇంత వ్యాప్తిలో సిద్దీల పేరు ఎక్కడా వినబడదు. ఒక సమాజపు కళ ఊరందరిదీ అయిపోయి, ఆ సమాజం మాత్రం మరుగున పడిపోవడానికి ఇంతకు మించిన నిదర్శనం తెలంగాణలో దొరకడం అరుదు.

ఇతర రాష్ట్రాలు, ఇతర దేశాలు

కర్ణాటక, గుజరాత్‌ సిద్దీలకు తమకంటూ కూడుకునే చోట్లున్నాయి. ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లోని సిద్దీలలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు మూడు మతాలవారూ ఉన్నారు. సాతుంబైల్‌లోని సిద్దీనాస్‌ గుడి దగ్గర ఏటా జరిగే పూజకు మతభేదం లేకుండా కలుస్తారు, డమామి డోలు కొట్టి ఆడతారు. గుజరాత్‌లో రతన్‌పూర్‌ కొండ మీది బావా గోర్‌ దర్గా వారికి కూడలి. అక్కడి ధమాల్‌ ఆట దేశవిదేశాల వేదికలెక్కింది.

అమెరికాలోని నల్లజాతివారు ఇటువంటి కూడికలను పట్టుదలగా నిర్మించుకున్నారు. చరిత్రకారుడు కార్టర్‌ వుడ్‌సన్‌ 1926 ఫిబ్రవరిలో నల్లజాతి చరిత్ర వారాన్ని ప్రారంభించాడు. పాఠ్యపుస్తకాలు విడిచిపెట్టిన చరిత్రను పిల్లలకు అందించడం ఆయన ఉద్దేశం. లింకన్‌, ఫ్రెడరిక్‌ డగ్లస్‌ల పుట్టినరోజులు ఆ వారంలోనే వస్తాయి. 1976 నాటికి అది నెల రోజుల వేడుకగా అధికారిక గుర్తింపు పొందింది. బానిసత్వం రద్దైన వార్త 1865 జూన్‌ 19న టెక్సస్‌లోని గాల్వెస్టన్‌కు చేరిన సందర్భాన్ని జూన్‌టీన్త్‌ పేరుతో జరుపుకుంటారు. 2021 నుంచి ఆ రోజు అమెరికా ఫెడరల్‌ ప్రభుత్వ సెలవు.

తెలుగువారికి నల్లజాతి చరిత్ర పక్క బస్తీ నుంచి కాక పుస్తకాల నుంచి తెలిసింది. జోతిబా ఫూలే 1873లో వెలువరించిన గులాంగిరీని, బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. అంబేద్కర్‌ 1946లో నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్‌ పాంథర్స్‌ తమ పేరును అమెరికా బ్లాక్‌ పాంథర్స్‌ నుంచి తీసుకుంది. అలెక్స్‌ హేలీ రాసిన రూట్స్‌ను సహవాసి ‘ఏడు తరాలు’గా తెలుగు చేస్తే హైదరాబాద్‌ బుక్‌ ట్రస్ట్‌ అచ్చువేసింది. ఆ పుస్తకంలోని బానిస కుంటా కింటే పేరు ఊరూరా పాఠకుల నోట నానింది. వరంగల్‌ సహా తెలంగాణ జిల్లాల్లో ఏప్రిల్‌ 11న ఫూలే, 14న అంబేద్కర్‌ జయంతులు జరుగుతాయి. చరిత్రను చెప్పడం, చదువును ప్రోత్సహించడం, యువతను కూడగట్టడం అన్న మూడు పనులూ ఒకచోట జరిగే వేడుకలు ఇక్కడ ఇవే. అమెరికా ఫిబ్రవరి వేడుకకు తెలుగునాట దగ్గరి పోలిక వీటిలోనే కనిపిస్తుంది.

చదువు, ఆటలు

సిద్దీ యువత విషయంలో ప్రభుత్వం చేసిన గట్టి ప్రయత్నం ఒకటి ఆటల వైపు నుంచి వచ్చింది. భారత క్రీడా ప్రాధికార సంస్థ 1980ల చివర్లో ప్రత్యేక ప్రాంత క్రీడల పథకం కింద కర్ణాటక, గుజరాత్‌ సిద్దీ పిల్లలను ఎంపిక చేసి పరుగుపందేల్లో శిక్షణ ఇచ్చింది. ఆఫ్రికా సంతతి కాబట్టి పతకాలు తెస్తారన్న లెక్క దాని వెనుక ఉంది. జాతిని చూసి వేసిన ఈ అంచనాలో లోపం ఉన్నా, అడవి పల్లెల పిల్లలకు హాస్టలు, బడి, తిండి దొరికాయి. కొందరికి ఆటల కోటాలో ఉద్యోగాలూ వచ్చాయి. 1990ల మొదట్లోనే సిద్దీల ఎంపిక ఆగిపోయింది. ఎంతోమంది సగంలో ఇంటిదారి పట్టారు.

గుజరాత్‌లోని జాంబూరుకు చెందిన హీరాబాయి లోబీ సిద్దీ స్త్రీలను పొదుపు వైపు, పిల్లలను బాలవాడీల వైపు నడిపించినందుకు 2023లో పద్మశ్రీ అందుకుంది. కర్ణాటకలో శాంతారాం సిద్దీ 2020లో విధాన పరిషత్తుకు నామినేటయ్యాడు. చట్టసభలో అడుగుపెట్టిన తొలి సిద్దీ ఆయనే.

హైదరాబాదు సిద్దీలకు చదువులో అండ దొరికింది రిజర్వేషను రూపంలో. ముస్లింలలో వెనుకబడిన వర్గాలను గుర్తించే పనిని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం విశ్రాంత ఐఏఎస్‌ అధికారి పి.ఎస్‌.కృష్ణన్‌కు అప్పగించింది. ఆయన నివేదిక ఆధారంగా 2007లో చట్టం వచ్చింది. బీసీ-ఇ పేరుతో విద్యలో, ఉద్యోగాల్లో 4 శాతం కోటా ఏర్పడింది. దూదేకుల వంటి వర్గాలు అప్పటికే వేరే జాబితాలో ఉన్నాయి. కొత్త జాబితాలో ఖురేషీలు, ఫకీర్లు, అత్తరు సాయిబులతోపాటు ‘సిద్దీ, యాబా, హబ్షీ, జసీ’ అని ఒక పద్దు చేరింది. కోర్టు వివాదాల నడుమ 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కోటా కొనసాగింది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణలోనూ అమల్లో ఉంది. గుజరాత్‌లోని సౌరాష్ట్ర జిల్లాల్లోను, కర్ణాటకలోని కొన్ని జిల్లాల్లోను సిద్దీలు షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నారు. తెలంగాణ ఎస్టీ జాబితాలో వారి పేరు లేదు. ఏసీ గార్డ్స్‌ విద్యార్థి కాలేజీ దరఖాస్తులో నింపవలసింది బీసీ-ఇ గడినే.