చక్రాల లెక్క

మొన్న ఉగాది సమావేశంలో, పులిహోర పంక్తి దగ్గర, ఒక మిత్రుని కుమారుడు పెద్దయ్యాక డిటెక్టివ్ అవుతానని ప్రకటించాడు. పదమూడేళ్లవాడు. తండ్రి ముఖం చిన్నబోయింది. తల్లి మా వైపు తిరిగి, "డాక్టరుగారూ, మీరైనా నాలుగు మాటలు చెప్పండి" అన్నది. మేమేం చెప్పగలం? నాన్నగారి ట్రంకుపెట్టెలో దొరికిన కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ నవలల్ని అనాటమీ పుస్తకం మధ్యన పెట్టుకుని చదివినవాళ్లం. అందుచేత ఆ అబ్బాయికి చెప్పవలసినది ఇక్కడ రాస్తున్నాము.

మనముంటున్న ఈ బ్రిటన్‌లో 1829లో లండన్ మెట్రోపాలిటన్ పోలీసు దళం ఏర్పడినప్పుడు అందులో డిటెక్టివ్ శాఖ లేదు. మామూలు దుస్తుల్లో తిరిగే పోలీసంటే జనానికి వేగులవాడన్న అనుమానం. 1842లో శాఖ పెట్టారు. ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు, ఆరుగురు సార్జెంట్లు, అంతే. యూనిఫారంలో పనిచేసిన పోలీసులనే ఏరి తీసుకున్నారు. చాలాకాలం డిటెక్టివ్ కావడానికి దారి అదే. ముందు కానిస్టేబుల్‌గా గస్తీ తిరగాలి, తరువాతే తక్కినది. మనం హౌస్ సర్జన్లుగా వార్డుల్లో తిరిగినట్టే అనుకోండి. 2017లోగాని మెట్రోపాలిటన్ పోలీసులు నేరుగా డిటెక్టివ్ శిక్షణలో చేరే మార్గం తెరవలేదు.

షెర్లాక్ హోమ్స్ సంగతి వేరు. ఆయన్ని సృష్టించిన కానన్ డాయిల్ మన వృత్తివాడే. ఎడింబరోలో తనకు పాఠం చెప్పిన డాక్టర్ జోసెఫ్ బెల్, రోగిని చూస్తూనే అతని వృత్తి చెప్పగలిగేవారట. కాని అసలు పోలీసులను పీడించిన ప్రశ్న ఇంకా మొరటుది. పట్టుబడినవాడు పేరు మార్చి చెబితే, వీడు పాత నేరస్థుడని తేల్చడం ఎట్లా? జైలుకు వెళ్లి ఖైదీల ముఖాలు చూసి గుర్తుపట్టడం ఒక పద్ధతి. ఫ్రాన్సులో బెర్టియాన్ చెవి, తల, చేయి కొలిచే పద్ధతి పెట్టాడు. కొలిచే చేయి మారితే కొలత మారేది.

వేలిముద్రల సంగతి అప్పటికే కొందరికి తెలుసు. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక కాంట్రాక్టరు చేత ఒప్పందం మీద అరచేతి ముద్ర వేయించాడు. 1880లో టోకియోలో పనిచేస్తున్న స్కాటిష్ డాక్టర్ హెన్రీ ఫాల్డ్స్, వేలిముద్రలతో నేరస్థులను పట్టవచ్చని 'నేచర్' పత్రికకు రాశాడు. స్కాట్లాండ్ యార్డు ఆయన మాట వినలేదు. ముద్రలు వేయించడం తేలికే. వేల కాగితాల గుట్టలోంచి కావలసిన ఒక్కటి తీయడమే కష్టం.

ఆ ముడి విప్పింది కలకత్తాలో. బెంగాల్ పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్ ఎడ్వర్డ్ హెన్రీ దగ్గర అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు సబ్ ఇన్‌స్పెక్టర్లుండేవారు. హక్ ప్రెసిడెన్సీ కాలేజీలో గణితం చదివినవాడు. మన అమ్మమ్మలు పిల్లల వేళ్లు చూసి శంఖాలెన్ని, చక్రాలెన్ని అని లెక్కపెట్టేవారు కదా, వీరూ చక్రాలనే పట్టుకున్నారు. పది వేళ్లను అయిదు జతలు చేశారు. మొదటి జతలో చక్రముంటే 16, తరువాత 8, 4, 2, 1. చక్రం లేని వేలికి సున్న. సరి వేళ్ల మొత్తానికి ఒకటి కలిపి పైన, బేసి వేళ్ల మొత్తానికి ఒకటి కలిపి కింద రాస్తే భిన్నం వస్తుంది. పైన 32 రకాలు, కింద 32 రకాలు, మొత్తం 1024 గళ్లు. గది గోడకు 1024 అరలు పెడితే చాలు, ఏ కాగితం ఏ అరలో ఉందో నిమిషాల్లో తెలుస్తుంది.

1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వచ్చింది. ప్రపంచంలో అదే మొదటిదంటారు. ఆ ఏడాదే జల్పాయిగురి జిల్లాలో ఒక తేయాకు తోట మేనేజరు హత్య జరిగింది. ఒక పంచాంగం మీది నెత్తుటి వేలిముద్ర పాత నౌకరుదని తేలింది. 1898లో కోర్టు అతనికి దొంగతనానికి శిక్ష వేసింది గాని, హత్యానేరం రుజువు కాలేదంది. ముద్ర అతను అక్కడ ఉన్నాడని చెబుతుంది గాని, కత్తి పట్టాడని చెప్పదు కదా. ఆ న్యాయమూర్తులు మంచి డాక్టర్లు అయ్యేవారని మాకనిపిస్తుంది.

1900లో పుస్తకం వచ్చింది, హెన్రీ పేరుతో. పద్ధతికీ 'హెన్రీ పద్ధతి' అనే పేరు. 1901లో స్కాట్లాండ్ యార్డులో వేలిముద్రల శాఖ పెట్టారు. 1903లో హెన్రీ లండన్ పోలీసు కమిషనర్ అయ్యారు. కేసుషీటు ఒకరు రాస్తే వ్యాసం మీద మరొకరి పేరు పడటం మనలో జూనియర్లుగా పనిచేసినవారికి కొత్త కాదు. మాకూ ఒకసారి అయింది, అది వేరే కథ. హెన్రీని దొంగ అనడం మాత్రం అన్యాయం. పని చేయించినవాడు, నమ్మినవాడు ఆయనే. తన సిబ్బందిలో అందరికంటే ఎక్కువ తోడ్పడినది హక్ అని 1926లో లేఖ కూడా రాశారు. హక్‌కు ఖాన్ బహదూర్, బోస్‌కు రాయ్ బహదూర్ బిరుదులు వచ్చాయి. పద్ధతికి పేరు మాత్రం మారలేదు. మన ఊళ్లలో 'వేలిముద్రగాడు' అంటే చదువురానివాడని తిట్టు. ఆ ముద్రకు ఇంత గణితం చెప్పినవారి పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో మేమైతే చూడలేదు.

ఇదంతా ఆ అబ్బాయికి ఫోనులో చెప్పాము. మర్నాడు వాడే ఫోను చేశాడు. స్టాంపుప్యాడు మీద పది వేళ్లూ అద్ది లెక్క కట్టాడట. పైన ఒకటి, కింద ఒకటి వచ్చింది, చక్రం ఒక్కటీ లేదు. అన్నిటికంటే కిక్కిరిసిన అర అదేనన్నాము. అయితే తన కాగితం వెతకడం ఎక్కువ కష్టమా, తక్కువ కష్టమా అని అడిగాడు.