పెరటి చెట్టే మందు

విశాఖ గాజువాక జంక్షన్‌లో తలెత్తి చూస్తే రెండు రకాల హోర్డింగులు కనిపిస్తాయి. ఒకటి నీట్ ర్యాంకులది: వరసగా పాస్‌పోర్టు ఫొటోలు, కింద అంకెలు. రెండోది ఐటీఐ, డిప్లొమా, ఫైర్ అండ్ సేఫ్టీ కోర్సులది. మొదటి దాన్ని చూస్తూ ఇంటర్ బైపీసీలో చేరినవాళ్లలో చాలామంది ఏడాదో రెండేళ్లో తిరిగాక రెండో దాని కిందికి చేరతారు. ఈ రెంటికీ మధ్య ఆసుపత్రిని నిలబెట్టే పనులు ఎన్నో ఉన్నాయి. రక్తపరీక్ష, ఎక్స్‌రే, డయాలసిస్, కళ్లద్దాల పరీక్ష, ఫిజియోథెరపీ, అంబులెన్సు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఇలాంటివి యాభైకి పైగా గుర్తించింది. వీటి పేర్లు చెప్పే ప్రకటనలైతే ఉన్నాయి. చేయి పట్టుకుని తీసుకెళ్లి, ఆ పని ఎలా ఉంటుందో పిల్లలకు చూపించే మనిషే లేడు.

ఇనుము విషయంలో ఈ ఊరు అలా లేదు. 1966లో ఉక్కు ఉద్యమం నడిచింది, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు, 1992లో అది జాతికి అంకితమైంది. భూములిచ్చిన ఊళ్ల జనం గాజువాక, పెదగంట్యాడ, అగనంపూడి చుట్టూ కాలనీలు కట్టుకుని, నిర్వాసితులకిచ్చే ఆర్ కార్డు చేతిలో పట్టుకుని ప్లాంటు ఉద్యోగం కోసం ఎదురుచూశారు. ఆ ఎదురుచూపులో ఎన్ని బాధలున్నా ఒక మంచి అలవాటు కూడా పుట్టింది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం పుణ్యమా అని ఐటీఐ చదివిన కుర్రాడు ఉద్యోగం రాకముందే యంత్రం పక్కన నిలబడి పని చూశాడు. ఫిట్టరంటే ఏమిటో, వెల్డరంటే ఏమిటో వీధిలో చిన్నపిల్లాడికి కూడా తెలిసింది. ఆసుపత్రి పనికి ఇలాంటి ముందుచూపు మన దగ్గర ఎప్పుడైనా ఉందా అని వెతికితే, ఉంది. కాకపోతే అది వైద్య కళాశాల గేటు దగ్గర కాక పక్కదారుల్లో కనిపిస్తుంది.

విశాఖలో వైద్య పాఠశాల 1902లో మొదలైంది. 1923లో పానగల్ రాజా మద్రాసు ప్రభుత్వానికి పెద్దగా ఉన్న కాలంలో అది కళాశాల అయింది. తర్వాత ఆంధ్ర మెడికల్ కాలేజీగా పేరు మారింది. దాని వెంటే ఉన్న కింగ్ జార్జి ఆసుపత్రిని ఉత్తరాంధ్ర జనం ఈనాటికీ పెద్దాసుపత్రి అనే అంటారు. ఆ పెద్దరికంలోనే దూరం కూడా ఉంది. కళాశాల డాక్టర్లను తయారు చేసింది, అదీ గొప్పగా చేసింది. ఊళ్లో పిల్లలకు మాత్రం ఆసుపత్రి జబ్బు చేసినప్పుడు వెళ్లే చోటుగానే మిగిలింది.

పక్కదారి తొక్కినవాళ్లలో ఆడవాళ్లు ముందున్నారు. 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ 1898 నాటికి అక్కడ ఆసుపత్రి తెరిచారు. పరదా దాటి బయటికి రాని ఇళ్లలోకి వైద్యం వెళ్లాలంటే ఇక్కడి అమ్మాయిలకే పని నేర్పాలన్నది ఆ మిషన్ ఆసుపత్రులు తొందరగా పట్టుకున్న సంగతి. తర్వాతి తరంలో దుర్గాబాయి 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నిలబెట్టారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లను తక్కువ కాలంలో మెట్రిక్ దాకా తీసుకెళ్లే కండెన్స్‌డ్ కోర్సులు 1958లో ఆ బోర్డు మొదలుపెట్టింది. ఉద్దేశం దాచుకోలేదు: పల్లెలకు టీచర్లు, నర్సులు, మంత్రసానులు కావాలి, వాళ్లు ఆ పల్లెల నుంచే రావాలి. బాల్యంలోనే పెళ్లయి, ఆ బంధాన్ని కాదని వచ్చి చదువుకున్న ఆమెకు చదువు ఎక్కడ తెగుతుందో, ఎక్కడ ముడివేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

నెల్లూరులో పుచ్చలపల్లి రామచంద్రారెడ్డి, కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య గారి తమ్ముడు, ప్రజావైద్యశాలలో మరో రకం బడి నడిపారు. పల్లె కుర్రాళ్లు వచ్చి, ఆసుపత్రిలోనే ఉండి, పని చేస్తూ నేర్చుకుని, ఊరికి తిరిగి వెళ్లి చిన్న జబ్బులు చూసేవారు. దీనిమీద డాక్టర్లకు అభ్యంతరాలున్నాయి, అందులో న్యాయమూ ఉంది. సూది చేతికిచ్చినంత తేలిక కాదు, ఎప్పుడు ఇవ్వకూడదో నేర్పడం. అయినా పని చూశాకే పనిలో దిగడమన్న పద్ధతి అక్కడ ఉంది.

ప్రభుత్వం ఆ ఆలోచనను 1977 అక్టోబరు 2న దేశమంతటికీ తెచ్చింది. వెయ్యి మంది జనాభాకు ఒకరు, ఊరే ఎంచుకోవాలి, మూడు నెలల శిక్షణ, తర్వాత నెలకు 50 రూపాయలు. మొదట హెల్త్ వర్కర్ అన్నారు, తర్వాత వాలంటీర్ అన్నారు, చివరికి హెల్త్ గైడ్ అన్నారు. పేరు రెండుసార్లు మారింది గాని యాభై రూపాయలు యాభైగానే ఉన్నాయి. ఆ పని ఎక్కడికీ తీసుకెళ్లే మెట్టు కాలేదు, అందుకే కుర్రాళ్లు నిలవలేదు. 2005లో వచ్చిన ఆశా పథకం ఈసారి ఆడవాళ్లను ఎంచుకుంది. పెళ్లయి అదే ఊళ్లో స్థిరపడిన, పాతికేళ్లు దాటిన మహిళే దానికి అర్హురాలు. తర్కం సరైనదే, పెళ్లై వేరే ఊరు వెళ్లిపోయే అమ్మాయికి శిక్షణ ఇస్తే ఊరికి మిగిలేదేముంది? కానీ దాని ఫలితంగా పద్దెనిమిదేళ్ల అమ్మాయి ముందు ఇంకో తలుపు మూసుకుంది.

కాలేజీ కుర్రాళ్లను పిలిచినవీ ఉన్నాయి. గాంధీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో ఎన్ఎస్ఎస్ మొదలైంది. అప్పటి నుంచి మన కుర్రాళ్లు కంటి శిబిరాల్లో కుర్చీలు వేశారు, పోలియో చుక్కల రోజున వీధి వీధీ తిరిగారు, రక్తదాన శిబిరాల్లో బిస్కెట్లు పంచారు. చిరంజీవి బ్లడ్ బ్యాంకు 1998లో మొదలయ్యాక అభిమాన సంఘాలు సినిమా విడుదలకు పాలాభిషేకంతో పాటు రక్తదానం కూడా చేయడం నేర్చుకున్నాయి. గాజువాకలో అభిమానులకు తక్కువేం లేదు. రక్తం సంచిలోకి ఎలా ఎక్కుతుందో చాలామంది కుర్రాళ్లు మొదట అక్కడే చూసి ఉంటారు. కానీ ఆ సంచి తర్వాత ఎక్కడికి పోతుంది, దాన్ని ఎవరు పరీక్షిస్తారు, ఆ పరీక్షించేవాళ్లు ఏం చదివారు అని ఆ పూట ఎవరైనా చెప్పారా? మన శిబిరాలు కుర్రాళ్ల చేతుల్ని పిలిచాయి గాని వాళ్ల కుతూహలాన్ని పిలవలేదు.

1986లో ఎంసెట్ వచ్చింది, అదే ఏడాది విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయమూ వచ్చింది. అక్కడి నుంచి డాక్టరు చదువంటే ర్యాంకే. ఈ పందెం పక్కనే ఎవరూ పట్టించుకోని ఒక మంచి పని నడుస్తూ వచ్చింది: ఇంటర్‌లో వొకేషనల్ కోర్సులు. అందులో మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ (ఎంపీహెచ్‌డబ్ల్యూ) కోర్సు చదివిన అమ్మాయి ఏడాది పాటు ఆసుపత్రిలో అప్రెంటిస్‌గా పనిచేసి ఏఎన్ఎం ఉద్యోగానికి అర్హత సంపాదిస్తుంది. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుదీ దాదాపు అదే దారి. ఫిట్టరుకు ఉన్న అప్రెంటిస్ పద్ధతి అచ్చంగా ఇదే. అయినా పదో తరగతిలో మార్కులు తగ్గినవాళ్లకు మాత్రమే దీన్ని చూపిస్తాం. ఈ చిన్నచూపు కోర్సు తప్పు కాదు, మనదే.

ఆ చిన్నచూపును కొంతైనా కడిగింది ఒక కంటి ఆసుపత్రి. గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో మొదలుపెట్టిన ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్య సంస్థ తన పనిని పిరమిడ్‌లా కట్టుకుంది. యాభై వేల మందికి ఒక దృష్టి కేంద్రం, ఐదు లక్షల మందికి ఆపరేషన్లు చేసే కేంద్రం, ఆపైన పెద్దాసుపత్రులు. 2006లో విశాఖ హనుమంతవాక దగ్గర దాని ప్రాంగణం వచ్చింది. నాకు ఆసక్తి కలిగించేది ఆ పిరమిడ్ అడుగు వరస. దృష్టి కేంద్రంలో డాక్టరు ఉండరు. ఇంటర్ చదివిన స్థానిక యువతీ యువకులకు ఏడాది శిక్షణ ఇచ్చి విజన్ టెక్నీషియన్లుగా కూర్చోబెడతారు. కళ్లజోడు నంబరు వాళ్లే తేలుస్తారు. శుక్లమో నీటికాసులో అనుమానం వస్తే పైకి పంపుతారు. పొరుగింటివాళ్ల అమ్మాయి తెల్లకోటు వేసుకుని కన్ను చూస్తుంటే ఆ వీధిలో పదో తరగతి పిల్లకు ఏ కౌన్సెలింగూ అక్కర్లేదు. ‘పెరటి చెట్టు మందుకు పనికిరాదు’ అన్న సామెతను తిరగేసి పట్టుకున్న పని ఇది. మరో తలుపు 108. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఆ అంబులెన్సులు, ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ (ఈఎంటీ) అనే ఉద్యోగం ఒకటుందని మనకు తెలియజేశాయి.

పిల్లలకు పనిని దగ్గర్నుంచి చూపించాలన్న ఈ లెక్క పైదేశాల్లో ముందే తేలింది. అమెరికాలో 1970ల మొదట్లో ఏరియా హెల్త్ ఎడ్యుకేషన్ సెంటర్లు పెట్టారు; హైస్కూలు పిల్లలకు ఆరోగ్య వృత్తులను పరిచయం చేయడం కూడా వాటి పనుల్లో ఒకటైంది. 1976లో ఆరోగ్య వృత్తుల విద్యార్థులకంటూ అక్కడ ఒక దేశవ్యాప్త సంఘమే ఏర్పడింది. పల్లెల్లో పెరిగినవాళ్లనే చేర్చుకుంటే పల్లెల్లో పనిచేసే అవకాశం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సిఫారసుగానే చెప్పింది. ఇక్కడ ఎంబీబీఎస్ విద్యార్థులు కుటుంబాలను దత్తత తీసుకునే పద్ధతి 2022 నుంచి ఉంది. మంచిదే, కానీ అది సీటు వచ్చాక. సీటు కోసం చదివే పిల్ల ఆ కుటుంబంలోనే ఉంటుంది, ఆమెను ఎవరూ దత్తత తీసుకోరు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివారు వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ వాయువు ఎగజిమ్మి 12 మంది ప్రాణాలు తీసింది. రోడ్ల మీద కూలిపోయినవాళ్లను భుజాన వేసుకుని పరిగెత్తినవాళ్లలో ఊళ్లో కుర్రాళ్లున్నారు. ఆ కుర్రాళ్లకు తెగువ ఎవరూ నేర్పలేదు, ఊపిరాడని మనిషిని ఎలా పడుకోబెట్టాలో కూడా ఎవరూ నేర్పలేదు. చుట్టూ రిఫైనరీ, ఓడరేవులు, ఫార్మా సిటీ ఉన్న ఈ ప్రాంతంలో ఇది కాస్త ఆలోచించవలసిన సంగతి.

పదో తరగతి పరీక్షలకూ ఇంటర్‌లో చేరడానికీ మధ్య రెండు నెలల సెలవులుంటాయి. గాజువాక చుట్టూ పట్టణ ఆరోగ్య కేంద్రాలున్నాయి, 108 బండ్లు ఆగే చోట్లున్నాయి, ఉక్కునగరంలో ప్లాంటు ఆసుపత్రి ఉంది. ప్లాంటు గేటు దగ్గర అప్రెంటిస్ పాసు పట్టుకుని ఏ కుర్రాడైనా లోపలికి పోతాడు. ఆసుపత్రిలోకి పదో తరగతి పిల్ల పోవాలంటే ఇప్పటికీ జ్వరమన్నా రావాలి.