సూర్యరశ్మి - సంతానాపేక్ష

సంతానము లేని స్త్రీని వేలెత్తి చూపు అలవాటు మన సమాజమునకు క్రొత్త కాదు. లోపము భార్యయందున్నదో, భర్తయందున్నదో విచారింపక మునుపే 'గొడ్రాలు' అను మాట ఆమె నెత్తిన పడును. ఇట్టి నింద మోయుచున్న స్త్రీకి ఎవరే మందు చెప్పినను ఆశ కలుగుట సహజము. ఇటీవలి కాలమున సంతానము కొరకు చికిత్స పొందు స్త్రీల మందుల చీటీలలో తరచుగా కనబడునది విటమిన్ 'డి'. ఈ విటమిను తక్కువగుట వలననే కడుపు పండలేదనియు, పుచ్చుకొన్నచో తప్పక పండుననియు చెప్పువారును ఉన్నారు. ఈ నమ్మకము ఎక్కడ పుట్టినదో, శాస్త్ర పరీక్షకు ఎంతవరకు నిలిచినదో చరిత్రను బట్టి శ్రోతలకు నివేదింప దలచినాము.

విటమిన్ 'డి' కథకు మాతృత్వముతో సంబంధము ప్రసూతి గదిలోనే ఏర్పడినది. 1888వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన స్కాట్లండులోని గ్లాస్గో నగర ప్రసూతి వైద్యశాలలో డాక్టర్ మర్డాక్ కామెరన్ ఒక పొట్టి స్త్రీకి ఉదరము కోసి బిడ్డను బయటకు తీసెను. తల్లియు బిడ్డయు బ్రతికిరి. ఆ దినములలో ఇది గొప్ప సాహసము. సిజేరియన్ శస్త్రచికిత్స తరువాత తల్లి జీవించుట అప్పటికి అరుదైన సంగతి. ఆ స్త్రీ పొట్టిదగుటకు కారణము చిన్ననాట వచ్చిన రికెట్సు వ్యాధి. పొగ కమ్మిన పారిశ్రామిక నగరములలో, ఎండ సోకని ఇరుకు సందులలో పెరిగిన పిల్లలకు ఎముకలు మెత్తబడి వంగిపోవుచుండెను. వంగిన కాళ్లు పైకి కనబడును. వంకరపోయిన కటి ఎముకలు మాత్రము ఎవరికిని కనబడవు. ఆ సంగతి బయటపడునది ఇరువది ఏండ్లు గడచిన పిమ్మట, ప్రసవవేదన నాడు. బిడ్డ వెలుపలికి వచ్చుటకు త్రోవ చాలదు. తల్లియో బిడ్డయో, ఒక్కొక్కప్పుడు ఇరువురునో ప్రాణములు కోల్పోవుదురు.

ఈ వ్యాధికి మూలమేమి? జపానులో మిషనరీ వైద్యుడుగా పనిచేసి ఇంగ్లండునకు తిరిగివచ్చిన థియోబాల్డ్ పామ్ వేర్వేరు దేశములలోని తోటి వైద్యులకు ఉత్తరములు వ్రాసి సమాచారము సేకరించెను. ఎండ బాగుగా కాయు దేశములలో, పేదరికమెంత ఉన్నను, రికెట్సు అరుదని ఆయనకు తోచెను. సూర్యరశ్మి లేమియే ఈ వ్యాధికి ముఖ్య కారణమని 1890లో ప్రకటించెను. ఆ మాటను చాలకాలము ఎవరును పెద్దగా పట్టించుకొనలేదు.

మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట పరిశోధన వేగము పుంజుకొనెను. 1919లో బెర్లిన్ నగరమున హుల్డ్‌షిన్స్కీ అను వైద్యుడు రికెట్సు గల పిల్లలకు అతినీలలోహిత కిరణముల దీపకాంతి సోకించి నయము చేసెను. ఇంగ్లండులో ఎడ్వర్డ్ మెలన్‌బీ కుక్కపిల్లలకు ఆహారలోపము వలన రికెట్సు కలిగించి, కాడ్ చేప కాలేయపు నూనెతో దానిని నివారింపవచ్చునని నిరూపించెను. ఒకరు వెలుతురన్నారు, మరియొకరు నూనె అన్నారు. ఇరువురు చెప్పినదియు నిజమే. ఆ నూనెలో 'ఏ' విటమిను గాక వేరొక పదార్థము పనిచేయుచున్నదని అమెరికాలో మెకాలమ్ 1922లో తేల్చెను. అప్పటికే ఏ, బి, సి అను పేర్లు వాడుకలో నుండుటచే దీనికి 'డి' అను పేరు వచ్చినది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున హ్యారీ స్టీన్‌బాక్, ఆహారమునకే అతినీలలోహిత కాంతి సోకించినచో అందులో ఈ గుణము పుట్టునని చూపెను. ఎండ సోకిన చర్మములో తయారగునదియు, చేపనూనెలో ఉండునదియు ఒక్క జాతి పదార్థమేనని క్రమముగా తెలిసినది.

ఎండకు కొదవలేని మన దేశమునకు ఈ కథతో సంబంధము లేదని తలచుట పొరపాటు. బొంబాయి రాష్ట్రమున నాసిక్ ప్రాంతములో హచిసన్, షా అను వైద్యులు చేసిన పరిశీలన 1922లో వెలువడినది. తిండికి లోటులేని సంపన్న కుటుంబములలో ఘోషాలో ఉన్న స్త్రీలకు ఎముకలు మెత్తబడు వ్యాధి వచ్చుచుండగా, ఎండలో కూలిపని చేసికొను పేద స్త్రీలకు అది అంతగా రాలేదు. కాశ్మీరములో ప్రసూతి వైద్యము చేసిన డాక్టర్ క్యాథలీన్ వాఘన్ 1928లో ఘోషా పద్ధతికిని ప్రసవ కష్టములకును గల సంబంధమును గూర్చి ఒక గ్రంథమే ప్రకటించెను. గోడలు గ్లాస్గోలో పొగవైననేమి, కాశ్మీరములో ఘోషావైననేమి, వాటి వెనుక స్త్రీకి జరిగిన హాని ఒక్కటియే.

ఇచ్చట ఒక్క సంగతి జాగ్రత్తగా గమనింపవలెను. ఈ స్త్రీలు గర్భము దాల్చలేక బాధపడినవారు కారు. గర్భము దాల్చి, కనలేక బాధపడినవారు. విటమిన్ 'డి' మాతృత్వమునకు చేసిన నిరూపితమైన ఉపకారము, బాల్యమునుండి ఎముకను గట్టిపరచి బిడ్డకు త్రోవ చూపుటయే. కడుపు పండించుట అను మాట దాని పేరుతో ముడిపడినది చాలకాలము తరువాత.

అది ఎట్లు ముడిపడినదో చూతము. 1969లో విటమిన్ 'డి' వచ్చి పట్టుకొను గ్రాహకము కోడి ప్రేగులలో కనబడినది. అటుపిమ్మట అట్టివి అండాశయమునందును గర్భాశయమునందును ఉన్నవని తేలినది. 1978 జూలైలో ఇంగ్లండులో తల్లి గర్భము వెలుపల ఫలదీకరణ పొందిన అండము నుండి మొదటి శిశువు జన్మించెను. అదే సంవత్సరము అక్టోబరులో కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషి ఫలితముగా మన దేశపు మొదటి అట్టి శిశువు జన్మించెను. ఇట్లు సంతాన చికిత్సలో క్రొత్త యుగము మొదలైనది. 1980లో స్టీన్‌బాక్ శిష్యుడగు హెక్టర్ డెలూకా, సహచరుడు హాలొరాన్‌తో కలిసి ఒక ఫలితము ప్రకటించెను. విటమిన్ 'డి' లేకుండ పెంచిన ఆడ ఎలుకలలో సంతానశక్తి నూటికి 75 పాళ్లు తగ్గెను. ఆశకు ఇది బీజము.

2010లో అమెరికాలో 84 మంది స్త్రీలపై జరిగిన పరిశీలనలో, అండము చుట్టునుండు ద్రవములో ఈ విటమిను ఎక్కువగా ఉన్నవారికి చికిత్స ఎక్కువగా ఫలించినట్లు కనబడెను. 2018లో 11 పరిశీలనలను, సుమారు 2,700 మంది స్త్రీల వివరములను కలిపి చూచినప్పుడును విటమిను చాలినంత ఉన్నవారికే ఫలితము మెరుగుగా నుండెను. ఇక సందేహమేల అని పలువురు తలచిరి.

కాని గొడుగులు ఎక్కువగా కనబడిన దినమున వాన ఎక్కువగా కురిసినదని, గొడుగులే వానను కురిపించినవనుట తగునా? స్థూలకాయము గలవారి రక్తములో ఈ విటమిను తక్కువగా ఉండును. వారికి సంతాన చికిత్సయు తక్కువగా ఫలించును. ఆరుబయట తిరుగువారు, మంచి ఆహారము తినువారు వేరు కారణముల చేతను ఆరోగ్యవంతులై యుండవచ్చును. నిజము తెలియవలెనన్న విటమిను కొందరికిచ్చి, కొందరికి ఇవ్వక, ఎవరికి ఏది అందినదో తెలియనీయకుండ పరీక్షింపవలెను. ఇటలీ దేశమున అట్లే చేసిరి. విటమిను తక్కువగా ఉండి సంతాన చికిత్సకు వచ్చిన 630 మంది స్త్రీలలో కొందరికి 6 లక్షల యూనిట్ల విటమిన్ 'డి' ఒకే మోతాదుగాను, తక్కినవారికి మందు లేని నకలు ద్రవమును ఇచ్చిరి. 2021లో ఫలితము వెలువడినది. విటమిను పుచ్చుకొన్నవారిలో నూటికి 37 మంది, పుచ్చుకొననివారిలో నూటికి 40 మంది గర్భవతులైరి. పుచ్చుకొన్నందువలన ప్రయోజనము కనబడలేదు.

మరి ఎలుకల మాట ఏమి? ఆ ప్రశ్నకు జవాబు డెలూకా ప్రయోగశాల నుండియే వచ్చుట ఈ చరిత్రలో మిక్కిలి మెచ్చదగిన ఘట్టము. విటమిన్ 'డి' గ్రాహకములే లేకుండ పుట్టిన చుంచెలుకలకు కాల్షియము సమృద్ధిగా పెట్టగా అవి పిల్లలను కనెనని 2001లో ఆ శాలవారు ప్రకటించిరి. విటమిను లేని ఎలుకలకును కాల్షియము, భాస్వరము తగినట్లు అందించినచో లోపము తొలగెనని మరుసటి యేడు చెప్పిరి. అనగా ఆ మూగజీవులలో లోపించినది ముఖ్యముగా కాల్షియము. విటమిను దానిని ఒంటికి చేర్చు వాహకము. తమ పూర్వపు ఫలితమునకు తామే క్రొత్త అర్థము చెప్పుకొనుటకు శాస్త్రజ్ఞులకు ధైర్యము కావలెను.

అట్లని విటమిన్ 'డి'ని త్రోసిపుచ్చుట మా ఉద్దేశము కాదు. తిరుపతి ప్రాంతమున జరిగి 2007లో వెలువడిన పరిశీలనలో, అంత ఎండ కాయుచోటనే పట్టణవాసులలోను పల్లెవాసులలోను ఈ విటమిను లోపము విరివిగా కనబడినది. వారి ఆహారములో కాల్షియమును తక్కువగానే ఉన్నది. తల్లి కాబోవు స్త్రీకి గట్టి ఎముకలు కావలెను. లోపమున్నదని పరీక్షలో తేలినచో వైద్యుడు చెప్పిన మోతాదు తప్పక వాడవలెను. ఇరుగుపొరుగువారి మాట విని అంతకు మించి పుచ్చుకొనుట మాత్రము ప్రమాదము. ఈ విటమిను మితిమీరినచో రక్తములో కాల్షియము పెరిగి మూత్రపిండములకు చేటు కలుగును. పిల్లల ఆహారములో దీనిని అతిగా కలిపినందున 1950 తరువాతి యేండ్లలో బ్రిటనులో పలువురు పసిబిడ్డలు అట్లే జబ్బుపడిరి.

మందు ఎముకకు మంచిదని తీసికొనుట వేరు. అది పుచ్చుకొన్నను బిడ్డ కలుగలేదని తన్ను తాను నిందించుకొనుట వేరు. ఎండలో తిరుగలేదనియు, పాలు త్రాగలేదనియు, విటమిను మరచినదనియు ఆమెను తప్పుపట్టుటకు శాస్త్రము ఎవరికిని అధికారమీయలేదు. పాత నింద క్రొత్త పేరు ధరించి వచ్చిన గుర్తింపవలెను. సంతానము కలుగనప్పుడు భార్యాభర్తలిరువురును కలిసి వైద్యుని చూచుట, కారణము తెలిసిన పిమ్మటనే చికిత్సకు పూనుకొనుట వివేకము. ఈ మాట మా శ్రోతల ఇండ్లలోని అత్తగార్ల చెవినిగూడ సోకవలెనని మా కోరిక.