హీలర్ ఒకరు కావలెను

2006 మొదట్లో సంగతి. అమెరికాలో ఓ యూనివర్సిటీ ఊళ్ళో నలుగురం తెలుగు కుర్రాళ్ళం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. వంటకి వంతులుండేవి. మంగళవారం, గురువారం మాత్రం మా తెనాలి రూమ్మేటు గరిటె ముట్టుకోడు. "ఒరేయ్, ఇవాళ రైడుంది. మూడు కూతలు రాగానే కుక్కర్ కట్టేయండ్రా," అనేసి హెడ్‌ఫోన్లు తగిలించుకునేవాడు. ఆట పేరు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. అందులో వాడు ప్రీస్టు. అంటే రాక్షసుల్ని కొట్టేవాడు కాదు, కొట్టేవాళ్ళ ప్రాణాలు నిలబెట్టేవాడు. ఓ రోజు సినిమాకి పోదాం రమ్మంటే, "నేను రాకపోతే ముప్ఫై తొమ్మిది మంది ఊరికే కూర్చోవాలిరా" అన్నాడు. మేం పడీపడీ నవ్వాం.

ఇప్పుడు నవ్వు రాదు. ముఖం కూడా చూడని ముప్ఫై తొమ్మిది మందికి తన అవసరం ఉందని ఒక కుర్రాడు నమ్మేలా చేసిన ఏర్పాటు ఏమిటి? అది ఎక్కడ మొదలై, ఏమైపోయింది?

మొదలు ఇంగ్లండులో. 1978లో ఎసెక్స్ యూనివర్సిటీ విద్యార్థి రాయ్ ట్రబ్‌షా, డెక్ కంపెనీ పెద్ద కంప్యూటరు మీద 'మడ్' అనే ఆట రాయడం మొదలుపెట్టాడు. బొమ్మల్లేవు, అంతా అక్షరాలే. "ఇరుకు దారిలో ఉన్నావు" అని తెర చెబుతుంది, "ఉత్తరానికి" అని మీరు టైపు చేస్తారు. అలాంటి ఆటలు అప్పటికే ఉన్నాయి. కొత్త విషయం ఏమిటంటే, ఆ ఇరుకు దారిలో ఇంకో మనిషి కూడా నిలబడి ఉండొచ్చు. 1980లో ట్రబ్‌షా దాన్ని స్నేహితుడు రిచర్డ్ బార్టిల్ చేతిలో పెట్టాడు. ఆ మనిషితో ఏం చేయాలో ఆట చెప్పలేదు. కబుర్లాడొచ్చు, దారి చూపొచ్చు, చంపేయనూవచ్చు.

1996లో బార్టిల్ తన ఆటగాళ్ళని నాలుగు రకాలుగా విడదీసి ఒక వ్యాసం రాశాడు. పేకముక్కల పేర్లతో. నిధులు పోగేసేవాళ్ళు డైమన్లు, మూలమూలలూ తవ్వి చూసేవాళ్ళు ఇస్పేట్లు, పక్కవాడిని బాదడంలో ఆనందం ఉన్నవాళ్ళు కళావర్లు, మనుషుల కోసమే వచ్చేవాళ్ళు ఆఠీన్లు. ఆ రంగంలో ఈ వర్గీకరణని ఇప్పటికీ తిరగేస్తుంటారు. నాకు అందులో నచ్చింది వర్గాలు కాదు, ఒక రకం పెరిగితే ఇంకో రకం ఎలా తగ్గుతుందో ఆయన వేసిన లెక్క. కళావర్లు పెచ్చుమీరితే ఆఠీన్లు మూటాముల్లే సర్దుకుంటారు. వీధి అరుగు మీద పేకాట చూసినవాళ్ళెవరికైనా ఇది తెలిసిందే.

మడ్‌లో మనుషులు కలవడం ఇష్టం మీద జరిగేది. అది అవసరంగా మారింది 1999 మార్చిలో వచ్చిన ఎవర్‌క్వెస్ట్‌తో. ఆ ఆట తయారుచేసినవాళ్ళు ఎవర్నీ పూర్తిగా చేయలేదు. దెబ్బలు కాచుకునే వారియర్‌కి గాయాలు మాన్పుకోవడం రాదు. మాన్పగలిగిన క్లెరిక్ ఎదురు నిలిచి పోరాడలేడు. ఒకేసారి నాలుగు మృగాలు మీద పడితే మూడింటిని మాయ చేసి నిలబెట్టడానికి ఎన్‌చాంటర్ కావాలి. కొన్ని రకాలవాళ్ళు తప్ప, పై మెట్లెక్కాలంటే ఒంటరిగా కుదరదు. చచ్చిపోతే సంపాదించిన అనుభవంలో కొంత ఊడుతుంది. శవం, దాని మీదున్న సామానంతా చచ్చినచోటే పడి ఉంటుంది. కట్టుబట్టలతో వెనక్కి నడిచి వెళ్ళి తెచ్చుకోవాలి. చీకటి గుహలో చస్తే ఒక్కడి వల్లా కాదు. అర్ధరాత్రి తలుపు తట్టినట్టు తెలిసినవాళ్ళని బతిమాలాలి.

దీనికి తోడు నిరీక్షణ. మంత్రాలు వేసేవాళ్ళ శక్తి అయిపోతే కింద కూర్చుని నిమిషాల తరబడి కూడదీసుకోవాలి. తొలి మెట్లలో అలా కూర్చున్నంతసేపూ మంత్రాల పుస్తకం తెరిచి ఉండి ఆటని కప్పేసేది. కనబడేవి పక్కవాళ్ళు టైపు చేసే మాటలు మాత్రమే. ఇంకేం చేస్తాం, మాట్లాడతాం. ఏ ఊరు, ఏం ఉద్యోగం, మీ దగ్గర ఇప్పుడు టైమెంత. చంపిన మృగం మళ్ళీ పుట్టేదాకా ఆగాలి. అప్పుడూ అవే కబుర్లు. దుక్కి అయ్యాక చెట్టుకింద కూర్చున్నట్టు ఉండేదన్నమాట. విసుగని తిట్టుకున్నవాళ్ళే స్నేహితులైంది ఆ ఖాళీల్లోనే.

మనుషులు గుంపులయ్యాక పంపకాల పేచీ రాక తప్పుతుందా? ఒక డ్రాగన్ని చంపడానికి పదుల మంది. అది విడిచేవి రెండో మూడో వస్తువులు. ఎవరికివ్వాలి? ఎవర్‌క్వెస్ట్ గిల్డుల్లో డ్రాగన్ కిల్ పాయింట్లు అనే లెక్క పుట్టింది. వచ్చిన ప్రతి రోజుకీ పాయింట్లు జమ, వస్తువు తీసుకుంటే ఖర్చు. కొన్ని గిల్డుల్లో అచ్చం చీటీ పాట పాడినట్టే పాడేవాళ్ళు. ఇది ఆట తయారుచేసిన కంపెనీ పెట్టింది కాదు, ఆటగాళ్ళు తమకు తాము రాసుకున్న పద్దు. మా రూమ్మేటు దగ్గర కూడా ఒక ఎక్సెల్ షీటు ఉండేది. వాడి పెర్సంటేజీలు వాడికి గుర్తుండేవి కావు గానీ ఆ పాయింట్లు కంఠతా వచ్చేవి.

2004 నవంబరులో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఈ కాఠిన్యాన్ని చాలా సడలించింది. చస్తే సామాను పోదు. ఒక్కడే చివరి మెట్టుదాకా ఎక్కిపోవచ్చు. ఐదుగురు వెళ్ళే డంజన్లకీ, నలభై మంది వెళ్ళే రైడ్లకీ మాత్రం గుంపు కావాలి. 2006లో నికొలా దుషెనో, నిక్ యీ మొదలైనవాళ్ళు ఈ ఆట మీద ఒక పరిశోధన పత్రం వేశారు. జనం ఎక్కువ సమయం ఒంటరిగానే ఆడుతున్నారనీ, చుట్టూ ఉన్నవాళ్ళు వాళ్ళకి తోడు అనేకన్నా ప్రేక్షకులు, పరిసరాల సందడి అనీ దాని సారాంశం. మేం వంటింట్లో రుసరుసలాడుతున్న ఏడాదే అది. కాబట్టి "ఆ రోజుల్లో అందరూ కలిసి ఆడేవారు" అని నేనంటే పూర్తి నిజం కాదు.

అయినా గుంపు కావాల్సినచోట మనిషి కావాల్సిందే. ఐరన్‌ఫోర్జ్ నగరంలో నిలబడి "హీలర్ ఒకరు కావలెను" అని గంటసేపు కేకలేయాలి. నలుగురు కుదిరి ఐదోవాడు దొరక్క చెదిరిపోయిన రాత్రులెన్నో. కానీ ఒక సర్వర్లో ఉన్నవాళ్ళు మళ్ళీమళ్ళీ తారసపడతారు. వస్తువు కొట్టేసి పారిపోయినవాడి పేరు ఊరంతా పాకుతుంది. మంచి హీలర్ పేరూ అంతే.

2009 డిసెంబరులో కంపెనీ డంజన్ ఫైండర్ పెట్టింది. మీరేం చేయగలరో చెప్పి మీట నొక్కితే చాలు, వేరే సర్వర్ల నుంచి కూడా నలుగురిని ఏరి తెచ్చి తిన్నగా గుహలో దింపుతుంది. కేకలు పోయాయి. వచ్చినవాళ్ళు "హాయ్" అంటారు, ఇరవై నిమిషాల తర్వాత "థాంక్స్" అంటారు, మళ్ళీ జన్మలో కనబడరు. నచ్చకపోతే ఓటేసి గెంటేయొచ్చు, ఇంకోడు వస్తాడు. పనివేళల మధ్య ఆడుకునేవాళ్ళకి అది వరమే, కాదనను. కానీ హీలర్ పేరు ఎవరికీ గుర్తుపెట్టుకోవాల్సిన పని లేకుండా పోయింది.

అవసరం లేనిచోట స్నేహం ఉండదని దీనర్థం కాదు. నార్వే యువకుడు మాట్స్ స్టీన్ కథ 2024లో డాక్యుమెంటరీగా వచ్చింది. కండరాలు క్షీణించే జబ్బుతో 2014లో, పాతికేళ్ళకే పోయాడు. కొడుకు ఒంటరిగా బతికి పోయాడని తల్లిదండ్రుల బాధ. అతని బ్లాగులో కబురు పెట్టగానే ఎవరెవరో ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. ఆటలో ఏళ్ళ తరబడి అతనితో నడిచినవాళ్ళు. కొందరు వేరే దేశాల నుంచి అంత్యక్రియలకి వచ్చారు. వాళ్ళది వేషం కట్టి కథలల్లుకునే గిల్డు. డ్రాగన్ల లెక్క కాదు, కేవలం ఆఠీన్లు. అంటే ఫైండర్ వచ్చాక కూడా ఆఠీన్లు ఎక్కడో ఒకచోట అరుగు చూసుకున్నారు. పోయింది, ఆఠీన్లు కానివాళ్ళని కూడా కట్టి పడేసిన ముడి.

పాత ఆటే కావాలని జనం ఏళ్ళపాటు అడిగితే 2019 ఆగస్టులో 'క్లాసిక్' పేరుతో తిరిగి ఇచ్చారు. తొలి రోజుల్లో ఒక్కో మృగాన్ని చంపడానికి ఆటగాళ్ళు రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు వరుస కట్టారు. కట్టమని ఆట చెప్పలేదు. ఆ ఫొటోలు చూస్తే నాకు ముచ్చటేసింది. ఈ క్లాసిక్ తర్వాతి విడతలో ఫైండర్‌ని కావాలనే పక్కన పెట్టారు. కావాలని ఆటగాళ్ళలో ఒక వర్గం గట్టిగా పట్టుబట్టింది. 2023లో దాన్నీ తెచ్చి పెట్టారు.

మా రూమ్మేటు ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. 2019లో వాడూ మళ్ళీ ప్రీస్టు వేషం కట్టాడు. ఓ శుక్రవారం ఇంటి నుంచి పనిచేస్తూ, మధ్యాహ్నం ముప్పావుగంట అరిచి, నలుగురిని కూడగట్టుకుని గుహ ముందుదాకా నడిచాడట. ఈలోగా స్కూలు బస్సు టైమైంది. "సారీ, పిల్లల్ని తెచ్చుకోవాలి" అని టైపు చేసి బయటికొచ్చేశాడు. వాళ్ళు పాపం మళ్ళీ హీలర్ కోసం కేకలు మొదలుపెట్టి ఉంటారు.