హంతకుని వెల్లడి - ప్రేక్షకుని యెడ న్యాయము

1996వ సంవత్సరమున అమెరికాలో విడుదలయైన 'స్క్రీమ్' చిత్రము ఒక ప్రశ్నాఘట్టముతో ఆరంభమగును. ఇంట ఒంటరిగానున్న యువతికి టెలిఫోనులో ఒక అపరిచితుడు పరీక్ష పెట్టును. 'ఫ్రైడే ది థర్టీన్త్' చిత్రములో హంతకుడెవరని అతని ప్రశ్న. సరియైన సమాధానము చెప్పినచో, బయట కుర్చీకి కట్టబడియున్న ఆమె ప్రియుడు బ్రతుకును. ఆమె తడుముకొనక జేసన్ అని చెప్పును. అది తప్పు. 1980లో వచ్చిన ఆ తొలి చిత్రమున హంతకురాలు జేసన్ తల్లి. జేసన్ హంతకుడగుట తరువాతి భాగములలోని మాట. ఆ యువకుని ప్రాణము దక్కదు.

ఇది భయము గొల్పుటకు కల్పించిన ఘట్టమే యైనను దీనియందొక విమర్శ ఇమిడియున్నది. ఆ చిత్రమును ఇరువది మారులు చూచితినని వాదించు ప్రేక్షకురాలు సైతము హంతకురాలిని మఱచినది. ఈ దోషము ఎవరిది? మఱచిన ఆమెదా, జ్ఞాపకముండదగిన రీతిని ఆ పాత్రను నిలుపని చిత్రకర్తలదా? స్లాషర్ చిత్రములలో చివరి నిమిషమున హంతకుని వెల్లడించు పద్ధతి ప్రేక్షకుని యెడ న్యాయముగా ప్రవర్తించినదా యను విషయమును చరిత్రక్రమమున పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. హంతకుల పేర్లు చెప్పక ఈ చర్చ సాగదు గనుక పాఠకులు మన్నింపగలరు.

ఒక చోట చేరిన యువజనులను కత్తివంటి ఆయుధముతో ఒకరి వెనుక నొకరిని చంపుచుండు హంతకుని కథను స్లాషర్ అందురు. వీనిలో అన్నియు ప్రహేళికలు కావు. 1978 నాటి 'హాలోవీన్'లో తొలి హత్య ముగిసిన వెంటనే ముసుగు తొలగింపబడి ఆరేండ్ల బాలుని ముఖము కనబడును. అచట 'ఎవరు' అను ప్రశ్నయే లేదు. 1974 నాటి 'బ్లాక్ క్రిస్మస్'లో హంతకుని ముఖము కడవఱకును స్పష్టముగ చూపబడదు. కథానాయిక వేఱొకనిని అనుమానించి చంపగా, అసలువాడు ఆ ఇంటనే మిగిలియుండును. ఈ రెండును వెల్లడిని ఆశ్రయింపని చిత్రములు. మన విచారణ ముసుగు చూపి, దానిని తీసెదమని ఆశ పెట్టిన చిత్రములను గూర్చినది.

న్యాయము అను మాటకు ఈ సందర్భమున ప్రమాణము అపరాధ పరిశోధక నవలల నుండి లభించినది. 1926లో అగాథా క్రిస్టీ 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్' నవలలో కథకునే హంతకునిగ చేయగా అది న్యాయమా అని గొప్ప వివాదము చెలరేగినది. 1928లో అమెరికను రచయిత వాన్ డైన్ ఇరువది నియమములను, 1929లో ఆంగ్ల రచయితయు మతాచార్యుడునైన రొనాల్డ్ నాక్స్ పది నియమములను ప్రకటించిరి. హంతకుడు కథారంభముననే పరిచితుడై యుండవలెననియు, పరిశోధకునికి దొరకిన ఆధారములు పాఠకునికిని దొరకవలెననియు వాని సారాంశము. మన నాట్యశాస్త్రకారులు బీజము మొదట అల్పముగ నాటబడి నిర్వహణ సంధిలో ఫలింపవలెననియు, ఆ సంధియందు అద్భుతరసము ఉండవలెననియు విధించిరి. బీజములేని అద్భుతము గారడీ యగును. ఈ లక్షణము ఇచటను చెల్లును.

కావున మూడు క్రియలను వేఱుపఱచుకొనవలెను. దాచుట యొకటి, దారి మళ్ళించుట యొకటి, అసత్యము చూపుట యొకటి. మొదటి రెండును కవిధర్మములే. మూడవది ద్రోహము. నవలలో 'ఒక ఆకారము' అనుమాటతో సర్వమును దాచవచ్చును. కెమెరా అట్లు చేయజాలదు. అది ఏదో యొక దానిని చూపితీరవలెను. అందువలననే ముసుగు, చేతి తొడుగు, హంతకుని కంటితో చూచు దృశ్యము అను మూడు ఉపాయములు పుట్టినవి. ఈ కడపటి దానిలో చూపు మనకు దక్కును గాని చూచువారెవరో తెలియదు.

1960లో హిచ్‌కాక్ నిర్మించిన 'సైకో' స్లాషర్ కాకపోయినను దానికి మాతృక. చనిపోయిన తల్లి వేషమున నార్మన్ బేట్స్ హత్యలు చేయును. అతడు తల్లిని మెట్లమీదుగా దింపుకొనివచ్చునపుడు కెమెరా పైకెగసి నడినెత్తి నుండి చూచును. ముఖము కనబడకుండుటకే ఈ ఎత్తు. అయినను కనబడినదంతయు నిజమే. ఆమె పదేండ్ల క్రిందటనే మరణించినదని షెరీఫు చెప్పుట వెల్లడికి ముందే మనము విన్నమాట. చిక్కు కంఠస్వరము కడ నున్నది. తల్లి మాటలను పలికినది ఆంథోనీ పెర్కిన్స్ కాదు, ఇతర నటీనటులు. ప్రేక్షకుడు ఎంత శ్రద్ధగ విన్నను ఆ గొంతులో కుమారుని గుర్తింపజాలడు. ఇది దాచుటకును అసత్యమునకును నడుమనున్న గీతపై నిలిచిన పని.

ఇటలీ దర్శకులు ఆ గీతకు ఈవల నిలిచి మిక్కిలి నేర్పు చూపిరి. 1964లో మారియో బావా తీసిన 'బ్లడ్ అండ్ బ్లాక్ లేస్' చిత్రమున అనుమానితులు పోలీసుల అదుపులోనుండగనే మఱియొక హత్య జరుగును. వారందఱును నిర్దోషులని మనము తలంతుము. హంతకులు ఇరువురన్నది రహస్యము. అచట మనలను మోసగించినది చిత్రము కాదు. హంతకుడు ఒక్కడే యన్న మన ఊహ.

1975లో దారియో అర్జెంటో తీసిన 'డీప్ రెడ్' ఈ విషయమున పరాకాష్ఠ. మార్కస్ అను సంగీతకారుడు హత్య జరిగిన ఇంటిలోనికి పరుగెత్తి, చిత్రపటములు వ్రేలాడు నడవను దాటును. తరువాత అచటి పటమొకటి మాయమైనదని అతనికి తోచును. అది పటము కాదు, అద్దము. అతడు చూచినది అందు ప్రతిబింబించిన హంతకురాలి ముఖము. ఆ ముఖము తెరపై నిజముగనే కనబడును. మార్కస్ చూచినంతయు మనమును చూచితిమి. అతడు పోగొట్టుకొన్నంతయు మనమును పోగొట్టుకొంటిమి. వెల్లడి క్షణమున కలుగు సిగ్గు, ఆనందము రెండును మనవే. ఇదియే సంపూర్ణ న్యాయము.

'ఫ్రైడే ది థర్టీన్త్'ను ఈ త్రాసులో తూచినచో తీర్పు సులభము కాదు. 1957లో శిబిరపు సరస్సులో ఒక బాలుడు మునిగిపోయెనన్న మాట మొదటనే వినబడును. వంటపనికై వచ్చుచున్న యువతి నిర్భయముగ హంతకుని జీపెక్కును. శిబిర యజమాని వానలో హంతకుని ఎఱిగినవానివలె పలుకరించును. ఇవి చక్కని ఆధారములు. హంతకుడు పురుషుడేయని మనమే తలపోసితిమి గాని చిత్రము చెప్పలేదు. ఇంతవఱకు దోషము లేదు. కాని శ్రీమతి వూర్హీస్ తొలిసారి మనకు ముఖము చూపునప్పటికి యువజనులలో ఒక్కతె తప్ప అందఱును మరణించిరి. అంతకుముందు ఆమె పేరైనను లేదు. 'సైకో'లో కుమారుడు మృతయైన తల్లి గొంతుతో పలుకగా, ఇచట తల్లి మృతుడైన కుమారుని గొంతుతో పలుకును. ఈ తారుమారు మనోహరమైనదే. బీజము నాటబడినది, పాత్ర మాత్రము నాటబడలేదు. ఇరువది మారులు చూచిన యువతి ఆమెను మఱచుటకు కారణమిదియే యని నాకు తోచును.

1981 నాటి 'హ్యాపీ బర్త్‌డే టు మీ' మూడవ క్రియకు నిదర్శనము. కథానాయిక వర్జీనియా తానే యొక మిత్రుని చంపుట మనము కన్నులార చూతుము. కడపట ఆమె సఖి వర్జీనియా ముఖమును పోలిన ముసుగును ఒలిచివేయును. కాని ఆ హత్యాఘట్టమున నటించినది వర్జీనియా పాత్రధారిణియే. నటి ముఖమునే చూపి, అది ముసుగనుట పటమును అద్దమనుట వంటిది కాదు. అద్దమును మరల చూచినచో ముఖము దొరకును. ఈ ముసుగును ఎన్ని మారులు చూచినను ముడుత యైనను దొరకదు. మరల చూచుటయే న్యాయమునకు గీటురాయి.

1983 నాటి 'స్లీప్‌అవే క్యాంప్' వేఱొక ప్రశ్నను లేవనెత్తినది. పడవ ప్రమాదమున ఇద్దఱు పిల్లలలో ఎవరు బ్రతికిరో చిత్రము చెప్పదు. బ్రతికినది బాలుడనియు, మేనత్త ఆ బిడ్డను బాలికగ పెంచెననియు చివర తెలియును. ఆధారముల లెక్కలో లోపము లేదు. కాని ఇచట భయమునకు ఆలంబనముగ నిలిచినది హత్య కంటె ఆ బిడ్డ దేహము. ప్రేక్షకునికి న్యాయము జరిగినను ఆ పాత్రకును, అట్టి బ్రతుకు బ్రతుకువారికిని జరుగలేదు. న్యాయమును ఆధారముల లెక్కగ మాత్రమే చూచు విమర్శకు ఇది హద్దు చూపుచున్నది.

మరల 'స్క్రీమ్' కడకు వత్తము. అనుమానితుడైన బిల్లీ నిర్బంధములో నున్నపుడే కథానాయికకు హంతకుని టెలిఫోను వచ్చును. బావా ఉపాయమే ముప్పదిరెండేండ్లకు మరల కనబడినది. హంతకుడొక్కడే యుండవలెనన్న వాన్ డైన్ నియమము ఇచట భంగమైనది. కాని న్యాయము భంగము కాలేదు. ఇరువురు హంతకులును మొదటినుండి మన కన్నుల యెదుట తిరుగుచుందురు. తన తల్లి ఇల్లు విడిచిపోయెనని బిల్లీ ముందే చెప్పిన మాటలో హేతువు నాటబడియున్నది. నియమములు న్యాయమునకు సాధనములే గాని న్యాయమే కావని దీనివలన తేలుచున్నది.

భయపడుటకు వచ్చినవానికి ఈ లెక్కలేల యని కొందఱు అందురు. ఆ మాట 'హాలోవీన్'కు చెల్లును. కాని ముఖమును దాచిన చిత్రము ప్రేక్షకునికి ఋణపడినది. ముసుగు ఒక వాగ్దానము. దానివెనుక మనము ముందే చూచి గమనింపని ముఖమున్నచో ఋణము తీఱినది. మునుపెన్నడు చూడని ముఖమున్నచో సగమే తీఱినది. చూపినదే అసత్యమైనచో తీఱనే లేదు. టెలిఫోను ప్రశ్నకు తప్పు చెప్పిన ఆ యువతి ఓడినది. కాని ఆ ఓటమిలో సగము పాలు ఆమెను ప్రశ్నకు సిద్ధపఱుపని పాత చిత్రమునకును చెందును.