హాలీ నుండి హాలీ వఱకు: తోకచుక్కయు మన పెద్దల వలసయు

2024వ సంవత్సరము అక్టోబరు మాసమున, సూర్యాస్తమయానంతరము పడమటి దిక్కున ఒక తోకచుక్క కొన్ని దినములు కనబడెను. మన మారిషస్ ద్వీపమున చెఱకుతోటల మీదుగా దానిని చూచినవారు పలువురు కలరు. ఆ దినములలోనే మన సంఘమునకు చెందిన యొక కుటుంబపు చిన్నవాడు, దుబాయి చెంత జెబెల్ అలీ ఫ్రీ జోనులో గిడ్డంగిపని చేయుచున్నవాడు, రేవుదీపముల వెలుగు సోకని తావు వెదకికొని పోయి దానిని చూచి, తల్లికి ఫోను చేసి మిక్కిలి సంతోషముతో చెప్పెను. తల్లియు చూచినది గాని ఆమెకు సంతోషము కలుగలేదు. మఱునాడు ప్రొద్దుననే కోవెలకు వచ్చి, "అయ్యగారూ, తోకచుక్క పొడిచినది గదా, కార్తీకములో పెట్టుకొన్న పిల్లవాని పెండ్లి చేయవచ్చునా, ఆపవలెనా?" అని యడిగెను. ఆమెకు నోటితో ఇచ్చిన సమాధానము ఒక్క యింటికే చెందినది. ఆ సందేహము మాత్రము చాల యిండ్లలో నున్నదని తెలిసినందున దీనిని విపులముగ వ్రాయుచున్నాను.

మొదట పేరు విషయము. మనము ప్రదక్షిణము చేయు నవగ్రహములలోని కేతువు వేఱు, ఆకాశమున తోకతో కనబడు ధూమకేతువు వేఱు. నవగ్రహ కేతువు కంటికి కనబడడు. చంద్రుని మార్గము సూర్యుని మార్గమును ఖండించు రెండు బిందువులలో నొకటి రాహువు, రెండవది కేతువు. ఈ బిందువులు సుమారు పదునెనిమిదిన్నర యేండ్లకు రాశిచక్రమును వెనుకకు చుట్టి వచ్చును. పంచాంగకర్త వీని స్థానమును నూఱేండ్ల ముందుగనైనను గణించి చెప్పగలడు. తోకచుక్కకు ఈ కేతువుతో పేరు తప్ప వేఱు సంబంధము లేదు. ధూమకేతు శబ్దమైనను ఆదిలో అశుభవాచకము కాదు. ఋగ్వేదమున అది అగ్నిదేవునకు విశేషణము, పొగయే ధ్వజముగా గలవాడని యర్థము. మఱియు మనము ప్రతి పూజకు ముందు స్మరించు విఘ్నేశ్వరుని షోడశనామములలో ధూమకేతు నామము ఒకటి. ఆ తల్లి ప్రతిదినము దానిని పఠించుచునే యున్నది. ఈ మాట చెప్పినప్పుడు ఆమె కొంచెము నవ్వెను.

ఇక శాస్త్రమేమి చెప్పినదో చూతము. ఆఱవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు బృహత్సంహితయందు కేతుచారమను నొక యధ్యాయము వ్రాసెను. కేతువులు నూటయొకటి యని కొందఱును, వేయి యని కొందఱును చెప్పుదురనియు, నారదుడు మాత్రము కేతువు ఒక్కటియే, అదియే పలు రూపములతో కనబడునని చెప్పెననియు అతడు తెలిపినాడు. వానిలో చెడుగు చేయునవి చాలగా నున్నను, సుభిక్షమును కలిగించు కేతువులును కలవని చెప్పినాడు. ఈ రెండవ భాగమును మనవారు మఱచి మొదటి భాగమునే జ్ఞాపకముంచుకొనిరి. నారదుని మాట విని, హాలీ చెప్పినది మనవారు ముందే కనుగొనిరని కొందఱు సభలలో చెప్పుచుందురు. అది సరికాదు. కేతువుల ఉదయాస్తమయములు గణితమునకు లొంగవని వరాహమిహిరుడే స్పష్టముగా వ్రాసియున్నాడు. తనకు తెలియనిదానిని తెలియదని చెప్పిన పండితుని మనము ఆ నిజాయితీకే గౌరవింపవలెను.

గణితమునకు లొంగజేసినవాడు ఎడ్మండ్ హాలీ యను ఆంగ్లేయుడు. అంతకు ముందు 1577లో డెన్మార్కు దేశపు టైకో బ్రాహీ, తోకచుక్క మేఘమండలములోని పొగ కాదనియు, చంద్రునికంటె దూరమున నున్నదనియు కొలిచి చూపెను. హాలీ న్యూటను సిద్ధాంతమును పట్టుకొని పాత లెక్కలను పరిశీలించి, 1531, 1607, 1682 సంవత్సరములలో కనబడిన మూడు తోకచుక్కలు ఒక్కటేయని 1705లో ప్రకటించి, అది 1758 ప్రాంతమున మరల వచ్చునని చెప్పెను. 1742లో అతడు మరణించెను. 1758 డిసెంబరు 25వ తేదీ రాత్రి జర్మనీలో పాలిచ్ అను రైతు, స్వయముగా ఖగోళము నేర్చినవాడు, దానిని మొట్టమొదట చూచెను. పొలము దున్నుకొనువాడు దీనిని ముందుగా కనిపెట్టుట మనవంటి తోటవారి సంతానమునకు ముచ్చట గొలుపు విషయము.

తరువాత హాలీ తోకచుక్క 1835లో వచ్చెను, మరల 1910లో వచ్చెను. ఈ రెండు సంవత్సరములు మన కుటుంబముల చరిత్రలో ఏవియో పాఠకులు ఇప్పటికే గ్రహించియుందురు. 1834 నవంబరు 2వ తేదీన అట్లాస్ అను ఓడపై మొదటి 36 మంది ఒప్పందపు కూలీలు ఈ ద్వీపమున దిగిరి. వారు ఛోటానాగపురపు కొండలవారు. మఱుసటి యేడు నవంబరులో తోకచుక్క సూర్యుని చుట్టివచ్చి, 1836 ఆరంభమునుండి దక్షిణాకాశమున కనబడెను. ఆఫ్రికా కొసనున్న కేప్ నగరమునుండి జాన్ హెర్షెల్ దానిని రాత్రి వెంట రాత్రి పరిశీలించెను. తోటలలోని మొదటి కూలీలు తెల్లవారుజామున పనికి పోవుచు దానిని చూచిరో లేదో మనకు వ్రాసిపెట్టినవారు లేరు.

ఆ కాలపు మన తెలుగుదేశమును తలచుకొనుడు. గుంటూరు సీమను పాడుచేసిన కరువును డొక్కల కరువనియు, నందన కరువనియు పెద్దలు చెప్పెడివారు. అది నందన నామ సంవత్సరము, అనగా 1832-33. తోకచుక్క వచ్చినది మన్మథ నామ సంవత్సరము, 1835. కరువు ముందు, చుక్క తరువాత. కోరంగి రేవును ముంచిన మహా ఉప్పెన 1839 నవంబరులో వచ్చినది, చుక్క పోయిన నాలుగేండ్లకు. ఇక లక్షలాది ప్రాణములను మ్రింగిన ధాత కరువు 1876లో మొదలైనప్పుడు హాలీ తోకచుక్క సూర్యునికి మిక్కిలి దూరమున నుండెను. 1874లో కోజియా తోకచుక్క కనబడినది గదా యని ఎవరైన వాదింపవచ్చును. నిజమే. కంటికి కనబడు తోకచుక్కలు కొద్ది యేండ్లకొకటి చొప్పున వచ్చుచునే యుండును గనుక, ఏ కష్టమునకైనను సమీపమున ఏదో యొకటి దొరకకపోదు. మనవారిని ఓడ యెక్కించినవి వానలు లేకపోవుట, పన్నుల భారము, మేస్త్రీల తీపిమాటలు. వీనిని వదలి చుక్కను నిందించుట ఆ మేస్త్రీలను విడిచిపెట్టుటయే యగును.

మధ్యకాలమున వచ్చిన తోకచుక్కలు తక్కువవి కావు. నిలిపివేయబడిన కూలీల వలస 1843లో తిరిగి మొదలయ్యెను. కోరంగినుండి మనవారు ఓడపై వచ్చినదియు ఆ యేడే యని మనలో చెప్పుకొందురు. కోరంగినుండి వచ్చినవారు గనుకనే మనలను కోరంగీలని పిలిచెడివారు. ఆ ఫిబ్రవరి చివర మహాధూమకేతువొకటి పట్టపగలు సూర్యుని ప్రక్కన కనబడి, మార్చి నెలలో దక్షిణదేశములవారిని అచ్చెరువొందించెను. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసునుండి కూలీలతో నేటాలు చేరెను. వారు దిగిన ఏడు నెలలకు, 1861 జూనులో, మఱియొక గొప్ప తోకచుక్క భూమికి దగ్గఱగా వచ్చి పోయెను.

1882 సెప్టెంబరు తోకచుక్క కథ మాత్రము కొంచెము విస్తరించి చెప్పదగినది. అది కూడ పగలే కనబడినది. కేప్ నగరపు వేధశాలాధిపతి డేవిడ్ గిల్ దానికి ఛాయాచిత్రములు తీయించెను. చుక్కతోబాటు ఆ పలకలపై లెక్కలేనన్ని నక్షత్రములు పడియుండుట చూచి, ఆకాశమంతటిని ఈ విధముగ చిత్రించి పట్టిక వ్రాయవచ్చునని అతనికి తోచెను. 1887లో పారిస్ నగరమున సభ జరిగి, ఆకాశమును పట్టీలుగా విభజించి దేశదేశముల వేధశాలలకు పంచిరి. చిలీ దేశపు సాంటియాగోవారు తీసికొని సాగింపలేకపోయిన పట్టీ, మధ్యరేఖకు దక్షిణముగా 17 అంశలనుండి 23 అంశల వఱకు గలది, పిమ్మట హైదరాబాదు నిజామియా వేధశాలకు వచ్చెను. నవాబు జాఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన ఈ వేధశాల 1908లో నిజాము ప్రభుత్వపు అధీనమయ్యెను. బేగంపేటలో కూర్చుండి మనవారు ఏండ్ల తరబడి ఆ నక్షత్రములను ఒక్కొక్కటిగా కొలిచిరి. మన ద్వీపము దక్షిణాక్షాంశము 20 అంశలు. అనగా హైదరాబాదువారు కొలిచిన ఆ పట్టీ ప్రతిరాత్రియు సరిగా మన నడినెత్తిన నడచుచున్నది. కూలీల సంతానమైన మన తలపై నున్న ఆకాశమునకు, మనము విడిచివచ్చిన నేలవారు పట్టిక వ్రాసిరి, దానికి మూలము ఒక తోకచుక్క.

1910వ సంవత్సరము, సాధారణ నామ సంవత్సరము. ఏప్రిల్ 20న హాలీ తోకచుక్క సూర్యుని సమీపించెను. దాని తోకలో సయనోజెన్ అను విషవాయువు కలదని శాస్త్రజ్ఞులు కనుగొనియుండుటచేతను, మే 18, 19 తేదీలలో భూమి ఆ తోకగుండ పోవునని లెక్క తేలుటచేతను, పాశ్చాత్య దేశములవారే వణకిరి. అమెరికాలో తోకచుక్క మాత్రలను అమ్మి సొమ్ము చేసికొన్నవారు కలరు. భూమి దాటిపోయెను, ఎవ్వరికిని ఏమియు కాలేదు. తోక యంత పలుచనిది. మనమే మూఢులమనియు తెల్లవారు భయపడరనియు పలుకువారికి ఈ కథ చెప్పవలెను.

ఆ యేడే విజయనగరమున గురజాడ అప్పారావుగారు ముత్యాల సరములు అను గేయమును రచించి, ఆంధ్రభారతి పత్రికలో ప్రకటించిరి. అందు తోకచుక్క కలదు. ఇల్లాలి భయమునకు బదులుగా కవి దానిని దారిన పోవుచు చూచిపోవచ్చిన భూమి చుట్టముగాను, సంఘసంస్కారమునకు జెండాగాను చెప్పినాడు. కులభేదము మాని కలిసి భుజించుటయు అందలి ప్రసంగమే. ఓడలో ఒక్క కడవ నీరు త్రాగి, ఒక్క వరుసను కూర్చుండి తినిన మన పెద్దలకు ఆ పాఠము అప్పటికే సముద్రము నేర్పియుండెను. తెలుగు సాహిత్యమున తోకచుక్కను ఇంత ప్రేమతో చూచిన కవి అంతకు ముందున్నట్లు నేనెఱుగను.

ఆ యేటి ఫిబ్రవరి 25న, చుక్క ఇంకను కంటికి కనబడకమునుపే, గోపాలకృష్ణ గోఖలే కలకత్తా శాసనసభలో నేటాలుకు ఒప్పందపు కూలీలను పంపుట మాన్పవలెనని తీర్మానము పెట్టి నెగ్గించెను. 1911 జూలై 1వ తేదీనుండి ఆ వలస నిలిచెను. మన ద్వీపమునకు కూలీలను తెచ్చుట మానవలెనని సాండర్సన్ సంఘము 1910లోనే సలహా యిచ్చెను. 1917 మార్చిలో ఒప్పందపు వలస యంతయు భారతదేశమున నిషేధింపబడెను. ఇట్లు ఈ పద్ధతి ఇంచుమించు ఒక హాలీకి పుట్టి మఱియొక హాలీకి కొనయూపిరిన పడెను. ఇది యాదృచ్ఛికము. చుక్క దానిని తేలేదు, చుక్క దానిని తీసికొని పోలేదు. అయినను తారీఖులను జ్ఞాపకముంచుకొనుటకు ఇంతకంటె మంచి గుర్తు నాకు దొరకలేదు.

హైదరాబాదు వేధశాలలో ఉద్యోగియైన యొకరి కుమారుడు, మద్రాసులో జన్మించి హైదరాబాదున పెరిగి నిజాం కళాశాలలో చదివిన వేణు బప్పు, హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థివేతనముతో హార్వర్డుకు పోయి, 1949 జూలై 2న తాను తీసిన ఛాయాచిత్రములో క్రొత్త తోకచుక్కను కనిపెట్టెను. అది బప్పు, బాక్, న్యూకర్క్ అను మువ్వురి పేరిట పిలువబడుచున్నది. దానికి డోనో పతకము లభించినది. ఆ వయస్సున, 21 యేండ్లవాడు, తండ్రిగారి వేధశాలలో రాత్రులు గడిపి నేర్చిన కన్నుతో దానిని పట్టెను.

హాలీ మరల 1986 ఫిబ్రవరి 9న సూర్యుని సమీపించెను. జెబెల్ అలీ ఫ్రీ జోను ఏర్పడినది దానికి ముందటి యేడు, 1985. అప్పటికే తెలుగు జిల్లాలవారు గల్ఫునకు పోవుట సాగుచుండెను. కరీంనగరము, నిజామాబాదు, గోదావరి జిల్లాల యువకులు వీసా కాగితము పట్టుకొని అప్పుచేసి పోయిరి, నేటికిని పోవుచున్నారు. ఏజంటు వారికిని మేస్త్రీ మాటలే చెప్పును. 1986 మార్చిలో జియోట్టో యను వ్యోమనౌక హాలీ చెంతకు పోయి దాని నడిగర్భమును చిత్రించెను. పొడవు 15 కిలోమీటర్లు, వెడల్పు 8 కిలోమీటర్లు గల బొగ్గువలె నల్లని ముద్ద, లోపల మంచు, ధూళి. సూర్యుడు సమీపింపగా మంచు ఆవిరియై ధూళిని వెంటగొని వెలువడును. సూర్యుని వెలుగును, సూర్యునినుండి వీచు కణములును దానిని వెనుకకు నెట్టును. అందుచేతనే తోక ఎల్లప్పుడు సూర్యునికి ఎదుటి దిక్కుననే యుండును, చుక్క సూర్యునినుండి మఱలిపోవునప్పుడు తోకయే ముందు నడచును. 2014లో రొసెట్టా వ్యోమనౌక మఱియొక తోకచుక్కను చేరి, దానిపై ఫైలీ యను చిన్న యంత్రమును దింపెను. ఆ చుక్కను ఆవరించిన వాయువులో జీవులకు కావలసిన గ్లైసీను కనబడినది.

ఆ తల్లి చివరకు పెండ్లిని వాయిదా వేయలేదు. పిల్లవాడు జెబెల్ అలీనుండి పది దినముల సెలవుపై వచ్చెను, కార్తీకమున ముహూర్తము జరిగెను. అప్పటికి తోకచుక్క మన కంటికి అందనంత దూరము పోయియుండెను.

హాలీ మరల వచ్చునది 2061 జూలై చివర. మన లెక్కకు అది వృష నామ సంవత్సరము. నేటి పాఠశాల పిల్లలు దానిని చూడగలరు. అంతవఱకు వేచియుండనక్కఱలేదు. ఆ చుక్క తన మార్గమున రాల్చిన ధూళి ప్రతి సంవత్సరము మే మొదటి వారమునను, అక్టోబరు మూడవ వారమునను ఉల్కలై రాలుచున్నది. మే నెలవి మన దక్షిణాకాశమున చక్కగా కనబడును. తెల్లవారుటకు రెండు గంటల ముందు లేచి, ఇంటి దీపములు ఆర్పి, తూర్పు దిక్కునకు చూడుడు. ఆ గీతలు గీచు రేణువులు 1835లోను, 1910లోను మన పెద్దల నెత్తిమీదుగా పోయిన చుక్కనుండి రాలినవే.